ఘాట్ ఎక్కేటప్పుడు వేడెక్కుతున్న శాన్ స్టార్మ్: హెడ్ విప్పించాలా?

అందరికీ నమస్కారం. మాది తిరుపతి. నా దగ్గర పాత శాన్ స్టార్మ్ కారు ఉంది. రెండే సీట్లు, ఫైబర్ గ్లాస్ బాడీ, 1149 సీసీ రెనో ఇంజన్. తెల్లవారుజామున టాపు తీసి చంద్రగిరి దాకా వెళ్లివస్తే, ఆ రోజంతా ఎవరు తిట్టినా కోపం రాదు. కూరగాయల సంచికి చోటులేనిది బండే కాదని మా ఆవిడ అభిప్రాయం.

ఊళ్లో, హైవే మీద వేడి సూది సగం దాటదు. తిరుమల ఘాట్‌లో రెండో గేరులో నాలుగు మలుపులు తిరిగేసరికి ఎరుపు గీతను తాకుతోంది. పోయిన వారం బానెట్ ఎత్తి నిలబడితే, పక్కనుంచి వెళ్తున్న బస్సులో అందరూ "గోవిందా" అన్నారు. నా బండికేనేమో అనిపించింది!

రేడియేటర్ కడిగించాను, థర్మోస్టాట్ మార్పించాను. ఫ్యాన్ తిరుగుతోంది. ఆయిల్ మూత కింద తెల్లటి జిడ్డు లేదు, సైలెన్సర్ నుంచి తెల్లపొగ రాదు. అయినా వారానికి ఒక గ్లాసు కూలెంట్ (ఇంజన్‌ను చల్లబరిచే ద్రవం) తగ్గుతోంది. మెకానిక్ హెడ్ గాస్కెట్ (ఇంజన్‌కీ, దాని పై భాగమైన హెడ్‌కీ మధ్య ఉండే సీలు) పోయిందంటున్నాడు. అది పోతే కనిపించే జిడ్డు, తెల్లపొగ లేవు కాబట్టి నా అనుమానం కూలెంట్‌ను తిప్పే వాటర్ పంపు మీద.

హెడ్ విప్పకుండా తేల్చుకునే మార్గం ఉందా? కూలింగ్ సిస్టమ్‌లోకి గాలి ఒత్తిడి పంపి లీకు పట్టే పరికరం తిరుపతిలో గానీ చిత్తూరులో గానీ ఎక్కడ దొరుకుతుంది? విదేశాల్లో ఈ ఇంజన్ క్లియో, ట్వింగో కార్లలో వచ్చింది. వాటి గాస్కెట్ తెప్పించి వేసినవారు ఉంటే చెప్పండి.

అమ్మేయమనే సలహా వద్దు. అది ఇంట్లోనే రోజూ దొరుకుతోంది.