అప్‌డేట్: టీ-55 ట్యాంకుపై గరుకుగా తేలిన రంగు

1971 యుద్ధంలో మన సైన్యం వాడిన టీ-55 ట్యాంకుకు 1/35 నమూనా (అసలు దానిలో 35వ వంతు సైజు బొమ్మ) చేస్తూ, ఎయిర్‌బ్రష్‌తో (గాలి ఒత్తిడితో రంగును తుంపరగా చిమ్మే పరికరం) కొట్టిన ఆక్రిలిక్ రంగు గరుకు కాగితంలా ఎందుకు తేలుతోందని గత నెల ఇక్కడ అడిగాను. అనంతపురం ఎండలో, మధ్యాహ్నం పూట మేడ మీది గదిలో పని చేయడమే కారణమని తేలింది. రంగు తుంపర ప్లాస్టిక్‌ను తాకకముందే గాలిలో ఆరిపోయి, పొడిలా అంటుకుంటోంది. మీరు చెప్పినట్లే ఆరడాన్ని ఆలస్యం చేసే రిటార్డర్ కొన్ని చుక్కలు కలిపి, గాలి ఒత్తిడి తగ్గించి, ఎయిర్‌బ్రష్‌ను దగ్గరగా పట్టుకొని, తెల్లవారుజామున కొట్టాను. పొర నున్నగా పరుచుకుంది. పాత గరుకును నీటి కాగితంతో (తడిపి రుద్దే సన్నని గరుకు కాగితం) రుద్ది తీశాను గానీ, అసలు ట్యాంకు టరెట్ (ఫిరంగి ఉండి, తిరిగే పైభాగం) పోత ఉక్కుది కనుక, ఆ కాస్త గరుకుదనం దానికి చక్కగా అమరిందనిపించి అక్కడ మాత్రం ఉంచేశాను.

నంబరు డెకాల్‌ల (నమూనాపై అంటించే పల్చటి అచ్చు బొమ్మలు) కింద కనిపించిన వెండి మెరుపు కూడా పోయింది. గరుకు రంగు మీద గాలి చిక్కుకోవడం వల్లే అది వస్తుంది; ఈసారి ముందుగా నున్నగా మెరిసే గ్లాసీ వార్నిష్ వేసి, డెకాల్ అంటించి, పైన మెరుపు లేని మ్యాట్ పొర కొట్టాను.

ఇక ట్రాకులకు మట్టి పూయడం మిగిలింది. మా ఎర్రమట్టిని జల్లెడ పట్టి ఉంచుకున్నాను, కానీ నేను చేస్తున్నది పశ్చిమ సరిహద్దు మైదానాల్లో నడిచిన ట్యాంకు కాబట్టి లేత గోధుమ రంగు పొడినే వాడతాను.