మోకాలి కింద ఎముక నుజ్జయింది, వాపు తగ్గేదాకా ఆపరేషన్ వద్దంటున్నారు, ఆగొచ్చా?

ఖమ్మం_ఆడపడుచు:
అందరికీ నమస్తే. మా తమ్ముడికి 34 ఏళ్లు, సెంట్రింగ్ పనికి పోతాడు. మొన్న ఆదివారం రాత్రి బండి మీద వస్తుంటే గేదె అడ్డమొచ్చి పడ్డాడు, బండి మొత్తం ఎడమ కాలి మీద పడింది. ఎక్స్‌రే, సీటీ తీసి టిబియల్ ప్లేటో ఫ్రాక్చర్ (మోకాలి కీలు దగ్గర కాలి ఎముక పైభాగం విరగడం), షాట్జ్‌కర్ టైప్ 6 అన్నారు. ఆ రాత్రే తొడకీ కాలికీ రాడ్లు దించి బయట ఫ్రేమ్ బిగించారు, అసలు ఆపరేషన్ మాత్రం 10 రోజులో 2 వారాలో ఆగాక చేస్తామంటున్నారు. కాలు ఉబ్బిపోయి నిగనిగలాడుతుంది, మధ్యలో నీళ్ల బొబ్బలు కూడా వచ్చాయి. మా బాబాయి ఇంకో హాస్పిటల్‌లో అడిగితే రేపే ప్లేట్లు వేసేస్తాం తీసుకురండి అన్నారంట. ఇంట్లో పెద్దవాళ్లు ఇవన్నీ ఎందుకు పుత్తూరు కట్టు కట్టిద్దాం అంటున్నారు. ఎముక అలా విరిగి ఉంటే అన్ని రోజులు ఊరికే పడుకోబెట్టడమేంటి, నాకు నిద్ర పట్టట్లేదు, తెలిసినవాళ్లు కాస్త చెప్పండి.

ఆర్థో_వార్డు:
మేడమ్, నేను ఆర్థోపెడిక్స్‌లోనే పనిచేస్తా. మీ తమ్ముడి ఫిల్ములు నేను చూడలేదు కాబట్టి ఫైనల్ మాట ఆయన్ని చూస్తున్న సర్జన్‌దే, కానీ మీరు రాసినదాన్ని బట్టి వాళ్లు చేస్తున్నది సరైన పద్ధతే. ఊరికే పడుకోబెట్టలేదు, ఆ ఫ్రేమ్ వేయడమే మొదటి ఆపరేషన్. విరిగిన ముక్కల్ని లాగి పొడవు నిలబెడుతుంది, లోపల కండా చర్మం కుదుటపడతాయి.

షాట్జ్‌కర్ అనే కెనడా సర్జన్ 1979లో ఈ ఫ్రాక్చర్లని 6 రకాలుగా విడదీశారు, ఆరోది అన్నిట్లోకీ పెద్దది, కీలు ఉన్న పైభాగం కాలి ఎముక నుంచి పూర్తిగా విడిపోతుంది. అంత దెబ్బ తగిలితే ఎముకతో పాటు పైన చర్మం కూడా బాగా దెబ్బతింటుంది, మోకాలి కింద ఎముకకీ చర్మానికీ మధ్య కండ చాలా తక్కువ. నిగనిగలాడే చర్మాన్ని ఇప్పుడే కోస్తే కుట్లు విడిపోయి, ప్లేటు బయటపడి, చీము పట్టి, అసలుకే మోసం వస్తుంది. వాపు తగ్గి చర్మం మీద ముడతలు కనపడేదాకా, బొబ్బలు ఎండేదాకా ఆగాలి, మామూలుగా 1 నుంచి 2 వారాలు పడుతుంది, ఒక్కోసారి ఇంకొంచెం ఎక్కువ. రేపే చేసేస్తాం అన్నవాళ్లు కాలు చూడకుండానే అన్నారు కదా, ఆ మాట పట్టుకుని కదిలించకండి.

ఆపరేషన్‌లో ఏం చేస్తారంటే, కీలు పైభాగం కుంగిన గచ్చులాగా లోపలికి దిగిపోయి ఉంటుంది, దాన్ని కింద నుంచి పైకి లేపి, ఏర్పడిన ఖాళీలో తుంటి ఎముక నుంచి తీసిన ఎముకో లేకపోతే కృత్రిమ ఎముకో నింపి, రెండు పక్కలా ప్లేట్లు స్క్రూలు బిగిస్తారు. చాలామందికి బయట పక్కన ఒక కోత, లోపలి పక్క వెనక వైపుగా ఇంకో కోత పెడతారు. మోకాలి ముందు వైపు ఒకే పెద్ద కోత పెట్టి రెండు వైపులా చర్మం లేపేసే పాత పద్ధతిలో పుండ్లు మానక ఇబ్బంది ఎక్కువయ్యేది. చర్మం మరీ పాడైనవాళ్లకి ప్లేట్లకి బదులు ఇలిజరోవ్ రింగులు (కాలి చుట్టూ బయట ఉండి, సన్నటి తీగలతో ఎముకని పట్టి ఉంచేవి) కూడా వేస్తారు.

ఇంకోటి, ఇది మాత్రం ఈ రాత్రే గుర్తుపెట్టుకోండి. నొప్పి మందులిచ్చినా తగ్గకుండా పెరుగుతూ పోతున్నా, కాలివేళ్లు మీరు మెల్లగా కదిపితే పిక్కలో ప్రాణం పోయినట్టు అరుస్తున్నా, పాదం తిమ్మిరెక్కినా, చల్లబడినా, పాదం పైకి ఎత్తలేకపోతున్నా పొద్దున రౌండ్స్ దాకా ఆగొద్దు, వెంటనే డ్యూటీ డాక్టర్‌ని లేపండి. పిక్క లోపల ప్రెషర్ పెరిగితే గంటల్లో కండ చచ్చిపోతుంది, అప్పుడు వెంటనే కోసి వదులు చెయ్యాలి.

బెజవాడ_బాబాయ్:
అమ్మా, పుత్తూరు కట్టు గురించి నేను చెప్తా, మా వైపు కూడా ఏ ఎముక విరిగినా ముందు ఆ మాటే వస్తుంది. పెద్దవాళ్లకి గౌరవంగానే చెప్పండి, ఇది కీలు లోపల విరిగింది, పై నుంచి కట్టు ఎంత గట్టిగా కట్టినా లోపల దిగిపోయిన ముక్క పైకి రాదు, పైగా ఇంత వాపు మీద బిగించి కడితే రక్తం ఆడక కాలికే ప్రమాదం. నాకు కుడి మోకాలికి ఇదే సర్జరీ అయింది. ఫ్రేమ్ ఉన్నన్నాళ్లు రాడ్లు చర్మంలోకి దిగినచోట రోజూ సెలైన్‌తో తుడిచేది మా ఆవిడ, చీము గానీ ఎర్రదనం గానీ ఉందేమో చూసి చెప్పేది. తమ్ముడు సిగరెట్ బీడీ ఏది తాగినా ఈరోజే ఆపించండి, ఎముక అతకదు పుండు మానదు. షుగర్ టెస్ట్ కూడా చేయించారో లేదో అడగండి.

ఖమ్మం_ఆడపడుచు:
చాలా థ్యాంక్స్ అండీ, ఇప్పుడే వెళ్లి వేళ్లు కదిపి చూశా, నొప్పి ఉంది గానీ అరిచేంత లేదు, పాదం వెచ్చగానే ఉంది, పైకి ఎత్తుతున్నాడు. బాబాయికి మీరు రాసింది చదివి వినిపించా, ఆగుదాం అన్నారు. ఇంకో రెండు అడగాలి. స్టీలు ప్లేట్లా టైటానియమా అని అడుగుతున్నారు, ఏది మంచిది? మళ్లీ సెంట్రింగ్ పనికి వెళ్లగలడా?

ఆర్థో_వార్డు:
రెండూ పనిచేస్తాయి మేడమ్, లోహం కన్నా కీలు ఉపరితలం ఎంత సమానంగా కూర్చారు, కాలు వంకర లేకుండా నిలబెట్టారా అన్నదే ముఖ్యం, స్టీలు వేయించామని బాధపడక్కర్లేదు. పని సంగతి ఇప్పుడే మాటివ్వలేం. ఎంత బాగా కూర్చినా మృదులాస్థికి తగిలిన దెబ్బ తగిలిందే, కొందరికి కొన్నేళ్ల తర్వాత అరుగుదల వస్తుంది. నిచ్చెనలెక్కి బరువులు మోసే పనికి ఏడాది పట్టొచ్చు, కొందరు తేలిక పనికి మారాల్సి వస్తుంది కూడా. రక్తం గడ్డకట్టకుండా పొట్టకి ఇచ్చే ఇంజెక్షన్ ఎన్నాళ్లు అన్నది అడిగి రాసుకోండి, మధ్యలో మానేయొద్దు.

ఫిజియో_పాప:
అక్కా, నేను ఫిజియోని, సర్జరీ తర్వాత సగం పని మాదే. మోకాలు తొందరగా వంచాలి, బరువు మాత్రం తొందరగా పెట్టకూడదు, ఇంట్లోవాళ్లు ఈ రెండూ తారుమారు చేస్తారు. సర్జన్ ఓకే అనగానే వంచడం మొదలెట్టాలి, నొప్పని నెలరోజులు నిటారుగా ఉంచేస్తే బిగుసుకుపోతుంది, తర్వాత ఎంత ఏడ్చినా రాదు. కాలు నేల మీద మోపి బరువు వేయడం ఇలాంటివాటిలో సుమారు 10, 12 వారాల దాకా వద్దంటారు, ఎక్స్‌రే చూసి సర్జన్ చెప్పినప్పుడే, అప్పటిదాకా వాకరే. బాగానే ఉంది కదా అని బాత్రూమ్‌కి రెండు అడుగులు వేసినా లేపిన ఎముక మళ్లీ కుంగొచ్చు.

ఇంకోటి, ఆపరేషన్ అయ్యాక మోకాలి కింద దిండు పెట్టొద్దు, హాయిగా ఉంటుంది గానీ కాలు వంగిపోయి పూర్తిగా చాచడం రాదు. మడమ కింద చిన్న దుప్పటి చుట్ట పెట్టండి, తొడ కండ బిగించి మోకాలిని పరుపుకి నొక్కమనండి, రోజూ చాలాసార్లు. ఇంట్లో ఇండియన్ టాయిలెట్ ఉంటే ఇప్పుడే కమోడ్ కుర్చీ తెచ్చిపెట్టుకోండి. బాసింపట్టు వేసుకుని కూర్చోవడం గురించి చాన్నాళ్లు అడగొద్దు.

బెజవాడ_బాబాయ్:
డబ్బు సంగతి ఎవరూ అనలేదు. హాస్పిటల్ ఆరోగ్యశ్రీలో ఉందో లేదో కౌంటర్‌లో ఆరోగ్యమిత్రని అడగండమ్మా, తెలంగాణలో 2023 డిసెంబర్ నుంచి ఏడాదికి కుటుంబానికి 10 లక్షల దాకా పెంచారు. రేషన్ కార్డు, ఆధార్ పట్టుకెళ్లండి, ప్లేట్లు వేసే ముందే అప్రూవల్ రావాలి కాబట్టి ఈ వాపు తగ్గే రోజుల్లోనే ఆ కాగితాల పని పూర్తి చేయించేయండి. రోడ్డు మీద పడ్డాడు కాబట్టి ఎమ్మెల్సీ (మెడికో లీగల్ కేసు, అంటే యాక్సిడెంట్ అని హాస్పిటల్ రాసే రికార్డు) రాశారా అన్నది కూడా కనుక్కోండి, రేపు ఇన్సూరెన్స్‌కి అదే అడుగుతారు.