మధ్యలో ఆగిన లీగ్‌లో స్థానాలు తేల్చడం ఎలా? 2019-20 ఇంగ్లండ్ లీగ్ వన్ గురించి తెలిసినవారు చెప్పగలరు

ప్రశ్న: పటమట వాసి (విజయవాడ)

అందరికీ నమస్కారం. విజయవాడలో కాలేజీ విద్యార్థులూ చిరుద్యోగులూ కలిసి ఆడుకునే ఒక చిన్న ఫుట్‌బాల్ లీగ్ నిర్వహణను నేనూ కొందరు మిత్రులూ చూస్తున్నాం. లీగ్‌లో రెండు డివిజన్లున్నాయి. పై డివిజన్‌లో అడుగున మిగిలిన జట్టు కిందికి దిగుతుంది, కింది డివిజన్‌లో మొదట నిలిచిన జట్టు పైకి వస్తుంది. 2024 సెప్టెంబరు మొదట్లో బుడమేరు వరద సింగ్‌నగర్‌ను ముంచెత్తినప్పుడు మ్యాచ్‌లన్నీ ఆపేశాం. నీళ్లు తీసిన తరువాత కూడా ఆ ప్రాంతపు జట్టు పిల్లలకు ఇళ్లలో బురద ఎత్తిపోయడం, తడిసిన పరుపులూ బీరువాలూ వీధిలోకి చేర్చడం, నష్టం లెక్క రాయించుకోవడంతోనే రోజులు గడిచిపోయాయి. వాళ్ల బూట్లు, జెర్సీలు ఉన్న సంచులు కూడా నీళ్లలోనే పోయాయి. ఇక మైదానం మాకు దొరికే గడువు ముగిసిపోయింది కాబట్టి మిగిలిన మ్యాచ్‌లు జరిపే అవకాశం లేదు.

చిక్కంతా ఇక్కడే ఉంది. ఉన్న పాయింట్లను బట్టి చూస్తే పై డివిజన్‌లో అడుగున ఉన్నది ఆ సింగ్‌నగర్ జట్టే, కానీ మిగతా జట్లకన్నా వాళ్లు ఆడిన మ్యాచ్‌లు తక్కువ. ఇది చాలదన్నట్టు మరో జట్టు లీగ్ నుంచే తప్పుకుంది. 2020లో కరోనా వల్ల ఇంగ్లండ్‌లో మూడో అంచె అయిన లీగ్ వన్ ఇలాగే ఆగిపోతే సగటు లెక్కతో తేల్చారని విన్నాను. ఆ లెక్క ఎలా వేశారు, దానివల్ల ఎవరికి మేలు జరిగింది, ఎవరికి నష్టం జరిగింది, మేము దాన్ని అనుసరించవచ్చా అన్నది తెలిసినవారు వివరించగలరని కోరుతున్నాను.

సమాధానం: బ్రాడీపేట మాస్టారు (గుంటూరు)

మీరు అడిగిన సీజన్‌ను నేను మొదటి నుంచి చివరి దాకా శ్రద్ధగా గమనించాను కనుక కొంచెం వివరంగానే చెబుతాను.

మామూలుగా లీగ్ వన్‌లో 24 క్లబ్బులుంటాయి, ఒక్కొక్కటి 46 మ్యాచ్‌లు ఆడుతుంది. మొదటి రెండు జట్లు నేరుగా పై అంచె అయిన చాంపియన్‌షిప్‌కు వెళ్తాయి, మూడు నుంచి ఆరు స్థానాల్లో ఉన్న నాలుగు జట్లు, పైకి వెళ్లే మూడో జట్టు ఏదో తేల్చే ప్లేఆఫ్ ఆడతాయి, చివరి నాలుగు జట్లు లీగ్ టూకు దిగిపోతాయి. 2019-20 సీజన్ మాత్రం మొదలవుతూనే కుంటుపడింది. 1894 నుంచి లీగ్‌లో ఉంటూ, ఇంగ్లండ్‌లో ప్రధాన నాకౌట్ పోటీ అయిన ఎఫ్ఏ కప్‌ను రెండుసార్లు గెలిచిన బరీ క్లబ్బును, తన ఆర్థిక స్తోమతకు ఆధారాలు చూపలేకపోయిందన్న కారణంతో 2019 ఆగస్టు 27న లీగ్ నుంచి తొలగించారు. ముందటి సీజన్‌లోనే లీగ్ టూలో రెండో స్థానంలో నిలిచి పైకి వచ్చిన ఆ జట్టు లీగ్ వన్‌లో ఒక్క మ్యాచ్ అయినా ఆడకుండానే వెళ్లిపోవలసి వచ్చింది. అలా 23 క్లబ్బులు మిగిలాయి, మ్యాచ్‌ల సంఖ్య 44కు తగ్గింది, కిందికి దిగే జట్ల సంఖ్యను మూడుకు కుదించారు. దివాలా ప్రక్రియలో ఉన్న బోల్టన్‌కు 12 పాయింట్ల కోత పడింది. ఆ క్లబ్బు చేతిలో సీనియర్ ఆటగాళ్లు దాదాపు లేక, అకాడమీ కుర్రాళ్లతో మైదానంలో దిగి, చివరికి ఆ సీజన్ విజేతగా నిలిచిన కోవెంట్రీని ఆగస్టులో 0-0తో నిలువరించింది. ఆ రోజు ఆ పిల్లలు ఆడిన తీరును నేను ఎప్పటికీ గౌరవంతోనే తలుచుకుంటాను.

2020 మార్చి 13న ఆట ఆగింది. అప్పటికి జట్లు 34 నుంచి 36 వరకు మ్యాచ్‌లు ఆడి ఉన్నాయి, అంటే అందరి లెక్కా సమానం కాదు. ప్రీమియర్ లీగ్‌కూ చాంపియన్‌షిప్‌కూ టీవీ ఆదాయం ఉంది కాబట్టి జూన్‌లో ఖాళీ స్టేడియంలలో మళ్లీ మొదలుపెట్టగలిగాయి. లీగ్ వన్ క్లబ్బులకు టికెట్ల డబ్బే ఊపిరి. మళ్లీ ఆడాలంటే ప్రతి ఒక్కరికీ కరోనా పరీక్షలు చేయించాలి, ప్రభుత్వం జీతంలో 80 శాతం, నెలకు 2,500 పౌండ్లకు మించకుండా, భరిస్తున్న పథకం నుంచి ఆటగాళ్లను వెనక్కి పిలిచి పూర్తి జీతం ఇవ్వాలి, గేటు దగ్గర మాత్రం ఒక్క పౌండు కూడా రాదు. పైగా చాలామంది ఆటగాళ్ల ఒప్పందాలు జూన్ 30తో ముగుస్తున్నాయి. అందుకే జూన్ 9న క్లబ్బులు ఓటు వేసి సీజన్‌ను ముగించేశాయి.

లెక్క చాలా సులభం. జట్టుకు వచ్చిన పాయింట్లను అది ఆడిన మ్యాచ్‌ల సంఖ్యతో భాగించి, ఆ సగటును బట్టి స్థానాలు నిర్ణయించారు. సొంత మైదానంలో ఎన్ని, బయట ఎన్ని అన్నది లెక్కలోకి తీసుకోలేదు. కోవెంట్రీకి 34 మ్యాచ్‌ల్లో 67 పాయింట్లు, అంటే 1.97, రోథర్‌హామ్‌కు 35 మ్యాచ్‌ల్లో 62, అంటే 1.77. ఈ రెండూ నేరుగా పైకి వెళ్లాయి, వీటి విషయంలో పెద్దగా వివాదం లేదు.

వివాదం వాటి కింద మొదలైంది. ఆట ఆగిన రోజున వైకోంబ్, పీటర్‌బరో, సండర్‌లాండ్ మూడింటికీ 59 పాయింట్లే. వైకోంబ్ 34 మ్యాచ్‌లు, పీటర్‌బరో 35, సండర్‌లాండ్ 36 ఆడి ఉన్నాయి. గోల్ తేడా (కొట్టిన గోల్స్‌లోంచి ఇచ్చిన గోల్స్ తీసేస్తే మిగిలేది) బాగున్న పీటర్‌బరో ఆరో స్థానంలో ఉంటే, వైకోంబ్ ఎనిమిదో స్థానంలో ఉంది. సగటు వేసేసరికి వైకోంబ్‌కు 1.74 వచ్చి ఒక్కసారిగా మూడో స్థానానికి ఎగబాకింది. 1.69తో పీటర్‌బరో ఏడో స్థానానికి జారి ప్లేఆఫ్‌కు దూరమైంది. ఆ సీజన్‌లో 24 లీగ్ గోల్స్ కొట్టిన ఐవాన్ టోనీ ఆ జట్టు ఆటగాడే.

ఇక్కడ ఒక విషయం మీరే కాగితం మీద వేసి చూడండి. వైకోంబ్ పీటర్‌బరోకన్నా తక్కువగా ఆడిన ఆ ఒక్క మ్యాచ్ కూడా ఆడి ఓడిపోయి ఉంటే 35 మ్యాచ్‌ల్లో 59 పాయింట్లు, అంటే సరిగ్గా పీటర్‌బరో సగటే అయ్యేది. అప్పుడు గోల్ తేడాలో ఎంతో ముందున్న పీటర్‌బరో ప్లేఆఫ్‌కు వెళ్లేది, వైకోంబ్ ఇంటికి వెళ్లేది. ఆడని ఆ ఒక్క మ్యాచ్ మీద అంత ఆధారపడి ఉంది. వైకోంబ్ తరువాత సెమీఫైనల్‌లో ఫ్లీట్‌వుడ్‌ను రెండు మ్యాచ్‌లు కలిపి 6-3తోనూ, జులై 13న ఖాళీ వెంబ్లీ స్టేడియంలో ఆక్స్‌ఫర్డ్‌ను 2-1తోనూ ఓడించి తన చరిత్రలో మొదటిసారి రెండో అంచెకు చేరింది. వాళ్లు గెలిచి పైకి వెళ్లారు కాబట్టి వాళ్ల విజయాన్ని నేను ఏమాత్రం తక్కువ చేయను.

సమాధానం: లబ్బీపేట మిడ్‌ఫీల్డర్ (విజయవాడ)

మాస్టారు గారు పైభాగం గురించి చక్కగా చెప్పారు. పటమట వాసి గారి అసలు ప్రశ్న అడుగున ఉన్న జట్టు గురించి కాబట్టి ట్రాన్‌మియర్ రోవర్స్ కథను నేను చెబుతాను.

లివర్‌పూల్‌కు మెర్సీ నది అవతలి ఒడ్డున ఉన్న బర్కెన్‌హెడ్ పట్టణపు క్లబ్బు అది. 2018లో అయిదో అంచె నుంచి నాలుగో అంచెకూ, 2019లో నాలుగు నుంచి మూడుకూ, రెండుసార్లూ వెంబ్లీలో ప్లేఆఫ్ ఫైనల్ గెలిచి వచ్చింది. 2020 మార్చిలో ఆట ఆగేసరికి 34 మ్యాచ్‌ల్లో 32 పాయింట్లతో 21వ స్థానంలో ఉంది. సరిగ్గా పైన ఏఎఫ్‌సీ వింబుల్డన్ 35 మ్యాచ్‌ల్లో 35 పాయింట్లతో ఉంది. తేడా మూడు పాయింట్లు, ట్రాన్‌మియర్‌కు ఆడవలసిన మ్యాచ్ ఒకటి ఎక్కువ, పైగా అది వరుసగా మూడు మ్యాచ్‌లు గెలిచి ఊపు మీద ఉంది. సగటు లెక్కలో వింబుల్డన్‌కు 1.00, ట్రాన్‌మియర్‌కు 0.94. ఆ ఆరు వందో వంతులే ఆ క్లబ్బును కిందికి తోసేశాయి. ఇంకా పది మ్యాచ్‌లు ఆడవలసి ఉన్న జట్టు అది.

ఆ క్లబ్బు చైర్మన్ మార్క్ పాలియోస్ ఒకప్పుడు అక్కడే ఆడినవాడు, తరువాత ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘమైన ఎఫ్ఏకు ముఖ్య కార్యనిర్వాహణాధికారిగా పనిచేసినవాడు. సగటు లెక్కలో తప్పు జరిగే అవకాశం ఎంత ఉందో కూడా లెక్కగట్టి, ఆ పరిధిలోపల ఉన్న జట్టును కిందికి దించవద్దని ఆ క్లబ్బు ప్రతిపాదించింది. దానికి మద్దతు దక్కలేదు. నా దృష్టిలో ఆ సీజన్ మొత్తంలో వినవలసిన మాట అదే, ఎవరూ విననిదీ అదే.

కొందరు దీన్ని క్రికెట్‌లో డక్‌వర్త్-లూయిస్ పద్ధతితో పోలుస్తారు. ఆ పోలిక నిలవదు. వాన పడినప్పుడు ఆ పద్ధతి ఇంకా ఎన్ని ఓవర్లున్నాయి, ఎన్ని వికెట్లున్నాయి అన్న రెండింటినీ కలిపి చూస్తుంది, అంటే జట్టు దగ్గర మిగిలిన శక్తిని కొలుస్తుంది. సగటు పాయింట్లకు మిగిలిన ప్రత్యర్థులు ఎవరో తెలియదు, ఆ మ్యాచ్‌లు ఎవరి మైదానంలో జరగాలో తెలియదు, జట్టు కోలుకుంటున్నదో కుంగుతున్నదో తెలియదు. గడిచిన దాన్నే అది భాగించి చెబుతుంది. కాబట్టి మీ సింగ్‌నగర్ జట్టు సగటులో కొద్ది తేడాతో అడుగున ఉంటే, దయచేసి వాళ్లను కిందికి దించకండి. వాళ్లు మ్యాచ్‌లు ఆడలేకపోయింది ఇళ్లు మునిగిపోయినందువల్లే.

సమాధానం: అరండల్‌పేట పాఠకుడు (గుంటూరు)

కిందికి దించకుండా ముగించిన ఉదాహరణలు అదే ఏడాది ఉన్నాయి, వాటిని కూడా మీ సమావేశంలో చెప్పండి. నెదర్లాండ్స్‌లో పై డివిజన్‌ను ఆపేసినప్పుడు విజేతనూ ప్రకటించలేదు, ఎవరినీ కిందికి దించనూ లేదు. మన దేశంలోనే ఐ-లీగ్ ఫుట్‌బాల్ పోటీని చూడండి. 2020 మార్చిలో ఆట ఆగినప్పుడు మోహన్ బగాన్ 16 మ్యాచ్‌ల్లో 39 పాయింట్లతో ఉంది, రెండో స్థానంలో ఉన్న జట్టుకు 23. ఇంకా నాలుగు మ్యాచ్‌లు మిగిలినా ఎవరూ అందుకోలేని దూరం అది. అందుకని మోహన్ బగాన్‌ను విజేతగా ప్రకటించి, ఆ సీజన్‌కు రెలిగేషన్‌ను, అంటే కిందికి దించడాన్ని, రద్దు చేశారు. విజేత బహుమతి పోను మిగిలిన సొమ్మును మిగతా జట్లకు సమానంగా పంచారు. ఆటలో తేలినంత వరకు ఒప్పుకుని, తేలని దాన్ని వదిలేయడం సరైన పని అని నా అభిప్రాయం.

అయితే ఎవరినీ దించకుండా ఒకరిని పైకి తెస్తే పై డివిజన్‌లో ఒక జట్టు పెరుగుతుంది, మ్యాచ్‌లు పెరుగుతాయి, మైదానం అద్దె పెరుగుతుంది. లీగ్ వన్‌కు ఆ వెసులుబాటు లేదు, ఎందుకంటే పైనున్న చాంపియన్‌షిప్ ఆట కొనసాగించి తన మూడు జట్లను కిందికి పంపుతోంది. మీకు అలాంటి ఇబ్బంది ఏమీ లేదు కదా.

పటమట వాసి (విజయవాడ)

ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. అదీగాక పై డివిజన్ నుంచి తప్పుకున్న జట్టు స్థానం ఎలాగూ ఖాళీగానే ఉంది కాబట్టి, కింది డివిజన్ నుంచి సగటు ప్రకారం మొదటి జట్టును ఆ స్థానంలోకి తీసుకుని, ఎవరినీ దించవద్దని ప్రతిపాదిస్తాను. లీగ్ వన్‌లో బరీ పోయినప్పుడు దించే జట్లను తగ్గించిన సంగతి మాస్టారు గారు చెప్పడం దీనికి గట్టి ఆధారం. ఒక్క సందేహం మిగిలింది. బరీ ఒక్క మ్యాచ్ కూడా ఆడకుండా పోయింది, కానీ మా దగ్గర తప్పుకున్న జట్టు కొన్ని మ్యాచ్‌లు ఆడింది. ఆ ఫలితాలను ఉంచాలా, తీసేయాలా?

సమాధానం: బ్రాడీపేట మాస్టారు (గుంటూరు)

తీసేయండి. ఇంగ్లండ్‌లోనూ అదే ఆనవాయితీ. 1962లో అక్రింగ్టన్ స్టాన్లీ, 1992 మార్చిలో ఆల్డర్‌షాట్ సీజన్ మధ్యలో తప్పుకున్నప్పుడు వాటి ఫలితాలన్నింటినీ కొట్టివేశారు, వాటిపై గెలిచినవారి పాయింట్లు కూడా పోయాయి. ఉంచితే ఆ జట్టుతో ఆడి గెలిచినవారికి లాభం, ఇంకా ఆడనివారికి నష్టం. సగటు లెక్కలో ఆ తేడా మరింత పెద్దదవుతుంది.

ఆ ఫలితాలను ముందు తీసేసి, ఆ తరువాతే సగటు వేయండి. సగటు సమానమైతే గోల్ తేడా చూస్తారా, పరస్పరం ఆడిన మ్యాచ్ చూస్తారా అన్నది కూడా ఒక కాగితం మీద రాసి, జట్ల కెప్టెన్లందరి సంతకాలు తీసుకున్న తరువాతే పట్టికను బయటపెట్టండి. పట్టిక ముందు చూపి నియమం తరువాత చెబితే, ఎవరికి మేలు జరుగుతున్నదో తెలిసిపోయి ఒక్కరూ ఒప్పుకోరు. లీగ్ వన్‌లో ప్రతి క్లబ్బుకూ తన సగటు ఎంతో ముందే తెలిసిన స్థితిలో ఓటు వేయవలసి వచ్చింది, అన్నాళ్లు వాదనలు సాగడానికి అదొక పెద్ద కారణం. మ్యాచ్‌ల ఫలితాలు ఇక్కడ పెడితే లెక్కను నేను సరిచూసి పెడతాను.