కరెంటు పోయాక ల్యాప్‌టాప్ బూట్ అవ్వట్లేదు, ఎఫ్‌ఎస్‌సీకే మైనస్ వై కొట్టేయొచ్చా?

హాస్టల్_రూమ్12: రాత్రి కరెంటు పోయింది, నా బ్యాటరీ ఎప్పుడో చచ్చింది, ఛార్జర్ మీదే నడుస్తుంది, టక్కున ఆగిపోయింది. ఇప్పుడు ఆన్ చేస్తే నల్ల స్క్రీన్ మీద ఇనిట్‌రామ్‌ఎఫ్‌ఎస్ అని వచ్చి, ఎఫ్‌ఎస్‌సీకే (డిస్క్‌లో ఫైళ్ల లెక్క సరిచేసే కమాండ్) మీరే నడపండి అంటోంది. మైనస్ వై పెడితే అది అడిగేవాటన్నిటికీ అవునన్నట్టే అట. ఉబుంటు, ఫైల్ సిస్టమ్ ఈఎక్స్‌టీ4, 500 జీబీ హార్డ్ డిస్క్. ప్రాజెక్ట్ రిపోర్ట్ అందులోనే ఉంది, సోమవారం సబ్‌మిషన్.

గోదారి_టెర్మినల్: కొట్టెయ్ తమ్ముడూ. ఈఎక్స్‌టీ4 2008 నుంచి స్టేబుల్, చేయబోయే మార్పుల్ని ముందే రాసుకునే జర్నల్ అందులో పెట్టిందే ఇలాంటివి తట్టుకోడానికి. నేను ఎన్నిసార్లు చేశానో.

పాత_సూపర్‌బ్లాక్: ఆగండి, దయచేసి అప్పుడే కొట్టకండి. డిఫాల్ట్‌గా జర్నల్ కాపాడేది ఏ ఫైల్ ఎక్కడుందన్న లెక్కని, లోపలి సరుకుని కాదు. పైగా జర్నల్‌తో సరిపోయేదే అయితే బూట్‌లో దానంతటదే సర్దుకుపోయేది, మనిషిని పిలిచిందంటే తేడా అంతకు మించి ఉందనే. లైవ్ యూఎస్‌బీతో (పెన్‌డ్రైవ్ నుంచే నడిచే ఉబుంటు) ఎక్కి, డిస్క్ ఆరోగ్యం చెప్పే స్మార్ట్‌సీటీఎల్‌లో పెండింగ్ సెక్టర్లు, అంటే సరిగ్గా చదవలేకపోతున్న చోట్లు, ఉన్నాయేమో చూడండి, డీడీరెస్క్యూతో వేరే డిస్క్ మీదకి ఇమేజ్, అంటే డిస్క్ మొత్తానికి నకలు, తీసి ఆ ఇమేజ్ మీద రిపేర్ చేయండి. మా నాన్నగారి ఫొటోలున్న డిస్క్ మీద నేను మైనస్ వై కొట్టా, అన్నీ లాస్ట్ ప్లస్ ఫౌండ్‌లో (చోటు తెలియని ఫైళ్లు వేసే ఫోల్డర్) పడ్డాయి, పేర్లు లేవు, ఐనోడ్ (ఒక్కో ఫైల్ వివరాలు సిస్టమ్ రాసుకునే చీటీ) నంబర్లే, ఒక్కోటి తెరిచి చూసుకుంటూ కూర్చున్నా, సగం తెరుచుకోనే లేదు.

మామిడితోట: రీడ్ ఓన్లీలో మౌంట్ చేసి, అంటే డిస్క్‌ని చదవడానికి మాత్రమే తెరిచి, కాపీ చేసుకో, అయిపోయె.

పాత_సూపర్‌బ్లాక్: అదొక్కటే చాలదండీ, రీడ్ ఓన్లీ అన్నా జర్నల్ రీప్లే అయి, అంటే అందులో మిగిలిన మార్పులు అమలై, డిస్క్ మీద రాస్తుంది. దాన్ని ఆపే నోలోడ్ ఆప్షన్ కూడా పెట్టాలి.

గోదారి_టెర్మినల్: రీప్లే అయితే వచ్చే నష్టమేంటి, కావాల్సిందే అది! మీ డిస్క్ ముందే పోయింటుంది, నింద మైనస్ వై మీద వేస్తున్నారు.

పాత_సూపర్‌బ్లాక్: నా డిస్క్ మీరు చూశారా? వై అంటే అడిగిన ప్రతిదానికీ ఊ కొట్టడమే. ఐనోడ్ తుడిచెయ్యనా అంటే ఊ.

గోదారి_టెర్మినల్: ఆ అబ్బాయికి ఒక్కోదానికి ఏం చెప్పాలో ఎలా తెలుస్తుంది? నాకు మండేది అది కూడా కాదు. చదువుకునే రోజుల్లో ఒకాయన నాకిలాగే ఇమేజ్ తీశాకే ముట్టుకో అన్నారు, ఇంకో డిస్క్ కొనే డబ్బుల్లేక మూడు వారాలు ల్యాప్‌టాప్ మూసిపెట్టా, ప్రాక్టికల్స్ పోయాయి, చివరికి కొడితే రెండు నిమిషాల్లో లేచింది. డిస్కులు కొనగలిగేవాళ్ల సలహా అందరి మీదా రుద్దకండి.

పాత_సూపర్‌బ్లాక్: ఈ మాట ముందే చెప్పాల్సింది. సరే, సెక్టర్లు బాగుంటే ఇమేజ్ వద్దు. కానీ మీరు మెషిన్ లేవాలని చూస్తున్నారు, నేను ఫైల్ బతకాలని చూస్తున్నా. ఎఫ్‌ఎస్‌సీకే లెక్క సరిచేస్తుంది, దానికోసం ఫైల్‌ని వదిలేస్తుంది కూడా. ఒక్క ఫోల్డర్ పెన్‌డ్రైవ్‌లోకి తీసుకోడానికి డబ్బులక్కర్లేదుగా.

హాస్టల్_రూమ్12: పక్క రూమ్‌లో లైవ్ యూఎస్‌బీ దొరికింది అన్నా. పెండింగ్ 0. నోలోడ్‌తో మౌంట్ అయింది, రిపోర్ట్ పెన్‌డ్రైవ్‌లోకి తీశా, తెరుచుకుంది, కరెంటు పోయేటప్పుడు రాస్తున్న పేజీ మాత్రం లేదు. తర్వాత అన్‌మౌంట్ చేసి మైనస్ వై కొట్టా, బూట్ అయింది. లాస్ట్ ప్లస్ ఫౌండ్‌లో మూడు ఫైళ్లున్నాయి.

గోదారి_టెర్మినల్: లేచింది కదా, చివరికి మైనస్ వైతోనే.

పాత_సూపర్‌బ్లాక్: తమ్ముడూ, ఆ మూడూ తుడవకు. ఫైల్ కమాండ్ పెట్టి అవేంటో చూడు, నీ పేజీ వాటిలో ఉండొచ్చు.