మొసలి నిగిడిందా, నెగడిందా?

చెరువుగట్టు: పిల్లల పత్రికకు నీటిపురుగుల మీద వ్యాసం రాస్తూ వేమన పద్యంలోని ఒక్క అక్షరం దగ్గర ఆగిపోయాను. "నీళ్ళలోన మొసలి నిగిడి యేనుగు బట్టు". నిగిడియా, నెగడియా? మా నాయనమ్మ 'నెగడి' అనే చదివేది. నాకు మాత్రం నిగుడే కావాలి. హైడ్రోఫిలస్ అనే పెద్ద నల్ల పెంకుపురుగు ఊపిరి కోసం పైకొచ్చి, తల ఓరగా పెట్టి, గుబురు కొసున్న మీసంతో నీటిపొరను చీల్చి గాలిని కడుపు కిందికి లాక్కుంటుంది. ఆ కదలికకు 'మీసం నిగిడ్చి' అని రాయాలని ఉంది. వేమన అండ ఉంటే ధైర్యంగా రాస్తాను.

గణవిభజన: ఛందస్సు తీర్పు చెప్పదండీ. నీ–ని యతి ఎంత చక్కగా కుదురుతుందో నీ–నె కూడా అంతే. 'నిగిడి యే', 'నెగడి యే' రెండూ నగమే (మూడు లఘువులు, ఒక గురువు). ఇక అర్థమే దిక్కు. నెగడు అంటే వర్ధిల్లు. స్థానబలిమి చెప్పే పద్యం కదా, 'నీళ్ళలో వర్ధిల్లిన మొసలి' అంటేనే 'బయట భంగపడును'కు సరైన జోడీ. నా ఓటు నాయనమ్మగారికే.

పాతపుటలు: ఒప్పుకోను. నేను చూసిన అచ్చుప్రతులన్నిటా నిగిడే. నిగుడు అంటే సాగు, వ్యాపించు. మొసలి ఒళ్ళు సాచి వచ్చి పడుతుంది, ఆ ఉరవడి 'నెగడి'లో ఏదీ? పోతనగారి "కరి దిగుచు మకరి సరసికి" గుర్తు తెచ్చుకోండి. అక్కడ మకరి లాగుతోంది, ఇక్కడ మొసలి లాగడానికి ముందు సాగుతోంది. ఆ కందంలో క, ర తప్ప వేరే చప్పుడే లేనట్టుంటుంది! చిన్నప్పుడు మా నాన్నగారు అది చదువుతుంటే చెరువులో నీళ్ళు కలగడం వినిపించేది.

జంతుశాస్త్రం: పద్యం సంగతి పెద్దలు చూసుకుంటారు. నా అభ్యంతరం 'మీసం' మీద. పాఠ్యపుస్తకాల్లో దానికి స్పర్శశృంగం (యాంటెన్నా) అనే స్థిరమైన మాట ఉంది. పిల్లలకు రెండు మాటలెందుకు?

చెరువుగట్టు: మాస్టారూ, నా బాధంతా ఆ 'స్పర్శ' తోనే. మగదోమకు అది చెవి. మీసం మొదట్లోని రెండో కణుపులో ఆడదోమ రెక్కల చప్పుడు పట్టే అవయవం ఉంది. 1855లో క్రిస్టఫర్ జాన్‌స్టన్ వర్ణించాడు గనక ఆయన పేరే దానికి నిలిచింది. చెరువుమీద గిరగిరా తిరిగే నల్లపురుగులకూ అదే అవయవం నీటి అలల్ని పసిగడుతుంది. ఆ రెండో కణుపు నీటిపొరమీద ఆనుకుని ఉంటుంది, పై భాగం గాలిలో ఉంటుంది. రెంటి మధ్య కదలిక తేడాయే దానికి కబురు. ఇక హైడ్రోఫిలస్‌కు మీసం ఊపిరి గొట్టమైపోయింది. తడుముకునే పని నోటి దగ్గరి జంభికా స్పర్శాంగాలకు దక్కింది. అవి ఎంత పొడుగు సాగాయంటే కొత్తవాళ్ళు వాటినే మీసాలనుకుంటారు.

జంతుశాస్త్రం: అయితే శృంగం, అంగం మధ్య ఒక్క 'శృం' జారితే పురుగే తారుమారన్నమాట! అందుకే కదా ఆ అక్షరం పట్టుకుని వేలాడుతున్నాను.

గోదారిపాయ: "రొయ్యకు లేదా బారెడు మీసం" అన్న జాతికి శృంగం అరువు తేవాలా? రొయ్యకున్నదీ ఇదే జాతి అవయవం. మన పల్లెవాళ్ళు ఆకారం చూసి పేరు పెట్టారు, పని చూసి కాదు. పని మారినా పేరు చెడదు.

పాతపుటలు: బాగా చెప్పారు. కానీ తూనీగ మాటేమిటి? దాని మీసం వెంట్రుకంత. దానికి వాసనే తెలియదని చాలాకాలం నమ్మారు. 2012లో ఇటలీ పరిశోధకులు ఆ పొట్టి మీసంలోనే వాసనకు విద్యుత్ స్పందన నమోదు చేశారు. 'మీసం' అంటే చదివేవాడికి బారెడే తోస్తుంది.

చెరువుగట్టు: స్థానబలిమి అంటే ఇదేనండీ! నీటిపైన నడిచే నల్లులకు పొడుగాటి మీసాలు, నీటిలోపల ఈదే వాటి దాయాదులకు తల కింద గాడిలో ముడుచుకున్న పొట్టివి. నేలమీది పురుగులు నీళ్ళలోకి ఒకసారి కాదు, ఎన్నోసార్లు విడివిడిగా తిరిగొచ్చాయి. వచ్చిన ప్రతి గుంపూ మీసాన్ని తనకు తోచినట్టు దిద్దుకుంది. అందుకే ముడిచిన మీసానికి, నిగిడిన మీసానికి వేర్వేరు క్రియలు కావాలంటున్నాను.

గణవిభజన: మీ నాయనమ్మగారు రెండో పాదం ఎలా చదివేవారో చెప్పగలరా? 'బయట కుక్కచేత'నా, 'బైట కుక్కచేత'నా? రెండూ సూర్యగణాలే. కానీ ఆవిడ 'బైట' అని ఉంటే ఆ పాఠం వేరే శాఖదని నా అనుమానం. అప్పుడు నెగడికి బలం వస్తుంది.

పాతపుటలు: రాదు. ఎందుకో రాత్రికి వివరంగా రాస్తాను.