చంద్రుడి మీదుగా ఐఎస్‌ఎస్ (ఇంటర్నేషనల్ స్పేస్ స్టేషన్) దాటేటప్పుడు ఫొటో తీయాలి, 250 ఎంఎం లెన్స్ సరిపోతుందా?

కొండారెడ్డి_బురుజు:
అందరికీ నమస్తే. మాది కర్నూలు. ఈ శుక్రవారం రాత్రి 8:50 ప్రాంతంలో ఐఎస్‌ఎస్ చంద్రుడి ముందు నుంచి పోతుందని ట్రాన్సిట్ ఫైండర్ సైట్లో చూపిస్తోంది. దశమి చంద్రుడు, అప్పటికి దాదాపు నడినెత్తిన ఉంటాడు. నా దగ్గర ఉన్నది కెనాన్ 1500డి, 55-250 లెన్స్, ఒక మామూలు ట్రైపాడ్, అంతే. టెలిస్కోప్ కొనే ఆలోచన ఇప్పట్లో లేదు. ఇంకో సంగతి, ఎక్కడ నిలబడితే దాటడం కనిపిస్తుందో ఆ సైటు మ్యాపులో ఒక లైను గీసి చూపిస్తుంది, ఆ లైను మా ఇంటి మీదుగా పోవట్లేదు, నంద్యాల రోడ్డు వైపు ఓ పది కిలోమీటర్ల అవతల పోతోంది. అంత దగ్గరే కదా, డాబా మీద నుంచే తీయొచ్చా? వీడియో తీయాలా, వరసపెట్టి ఫొటోలు కొట్టాలా? మా తమ్ముడేమో తన ఫోన్లో 100ఎక్స్ జూమ్ ఉంది, అది చాలంటున్నాడు.

ట్రైపాడ్_మామ:
డాబా మీద నుంచి కుదరదు తమ్ముడూ. ఐఎస్‌ఎస్ ఉండేది 400 కిలోమీటర్ల పైచిలుకు ఎత్తులో, చంద్రుడు మనకు కనబడే వెడల్పు అర డిగ్రీ. ఈ రెండూ కలిపి లెక్కేస్తే, చంద్రుడు నెత్తి మీద ఉన్నప్పుడు దాటడం కనిపించే పట్టీ నేల మీద సుమారు నాలుగు కిలోమీటర్ల వెడల్పే. పది కిలోమీటర్లు ఇవతల ఉంటే నీకది చంద్రుడికి డిగ్రీకి పైగా పక్క నుంచి పోతుంది. పోనీ చుక్కలా వెలుగుతూ పోవడమైనా చూద్దామంటే అదీ లేదు, ఎందుకంటే 8:50కి అది భూమి నీడలో ఉంటుంది. చంద్రుడి వెలుగు భాగం మీద పడినప్పుడు మాత్రమే నల్లగా కనబడుతుంది. కాబట్టి బండి తీసి లైను మీదికే వెళ్లు. థియరీ లెగో అని ఫ్రాన్స్ ఆయన ఉన్నాడు, ఇలాంటి ఫొటోలకు పెట్టింది పేరు, 2011 జనవరి 4న పాక్షిక సూర్యగ్రహణం జరుగుతుండగా సూర్యుడి మీదుగా ఐఎస్‌ఎస్ దాటడం తీయడానికి ఏకంగా ఒమాన్ వెళ్లాడు, సెకను కూడా పట్టని దానికోసం. నీకు నంద్యాల రోడ్డు ఒక లెక్కా!

లెన్స్ సరిపోతుంది. 250 దగ్గర నీ కెమెరాలో చంద్రుడు 600 పిక్సెళ్ల వెడల్పు వస్తాడు, స్టేషన్ అందులో ముప్పయ్యో వంతు, అంటే 20 పిక్సెళ్లు. సోలార్ రెక్కలూ మధ్య భాగమూ విడిగా తెలిసీ తెలియనట్టు ఉంటాయి, అంతకు మించి ఆశపడకు.

గోదారి_గట్టు:
వీడియోనే బ్రో, ఆలోచించకు. మొత్తం దాటడమే అర సెకను, 1500డి సెకనుకు మూడు ఫొటోలే కొడుతుంది, ఇంకేం దొరుకుతుంది. వీడియో అయితే సెకనుకు 30 ఫ్రేములు, ఇంటికొచ్చాక వీఎల్‌సీ ప్లేయర్‌లో E కీ నొక్కుకుంటూ ఒక్కో ఫ్రేమూ చూసుకోవచ్చు.

ట్రైపాడ్_మామ:
@గోదారి_గట్టు, ఫుల్ హెచ్‌డీ వీడియోలో చంద్రుడు 200 పిక్సెళ్లకు పడిపోతాడు గురూ, అప్పుడు ఐఎస్‌ఎస్ ఆరేడు పిక్సెళ్లు. అది దోమో స్టేషనో ఎవరు తేలుస్తారు? సెకనుకు మూడు అంటే ఫొటోకీ ఫొటోకీ మధ్య సెకనులో మూడో వంతు, దాటడానికి దాదాపు అర సెకను, కాబట్టి లైను మధ్యలో నిలబడితే ఒక్క ఫ్రేము మాత్రం ఖాయం. ఒక్కటి చాలు. అయితే లైను అంచున నిలబడితే చంద్రుడి పక్కను రాసుకుంటూ పోతుంది, అప్పుడు నువ్వన్నదే రైటు.

సెట్టింగులు: మాన్యువల్ మోడ్, ఎఫ్ 8, ఐఎస్ఓ 800, షట్టర్ 1/1000. ముందే రెండు మూడు ఫొటోలు కొట్టి చూసుకో, చంద్రుడు తెల్లగా కాలిపోతే 1/1600కి పెంచు. జేపెగ్‌లోనే తీయి, రా (RAW, కుదించని పెద్ద ఫైలు) పెట్టావంటే నాలుగు సెకన్లకే బఫర్ (కెమెరా లోపలి తాత్కాలిక మెమరీ) నిండి కెమెరా నత్తనడక మొదలుపెడుతుంది. లైవ్ వ్యూలో (వెనక స్క్రీన్ మీద) 10 రెట్లు పెద్దది చేసి చంద్రుడి మీది ఏదో ఒక బిలం అంచు మీద ఫోకస్ చేసి, లెన్స్ మీది బొత్తాన్ని మాన్యువల్‌కి జరిపెయ్. చెప్పిన టైముకి పది సెకన్ల ముందు నొక్కడం మొదలుపెట్టి ఇంకో పది సెకన్ల తర్వాత వదులు. టైము ఫోన్లో చూసుకో, చేతి గడియారం వద్దు.

ఫోన్ సంగతి అంటావా, కొన్ని ఫోన్లు చంద్రుణ్ణి గుర్తుపట్టి మచ్చలకు సొంతంగా మెరుగులు దిద్దుతాయి. అర సెకను మెరిసి మాయమయ్యే నల్లచుక్కని ఉంచుతుందో తుడిచేస్తుందో ఎవరికి తెలుసు.

వెన్నెల_విశాఖ:
మధ్యలో వస్తున్నా, ఏమనుకోకండి. ఇంత జూమ్ ఉన్నప్పుడు చంద్రయాన్-3 ల్యాండర్ కూడా పడుతుందా? మా అమ్మాయి అడుగుతోంది.

ట్రైపాడ్_మామ:
పడదమ్మా. ఐఎస్‌ఎస్ రెక్కలతో కలిపి 109 మీటర్లు, 400 కిలోమీటర్ల దూరం. ఆ ల్యాండర్ విక్రమ్ రెండు మీటర్ల పెట్టె, దాదాపు 3,84,000 కిలోమీటర్ల దూరం. అంతరిక్షంలో ఉన్న హబుల్ టెలిస్కోప్‌కే చంద్రుడి మీద 90 మీటర్ల కన్నా చిన్నది విడిగా తెలియదు. చంద్రుడి చుట్టూ తిరిగే నాసా నౌక ఎల్ఆర్ఓ 2023 ఆగస్టు 27న విక్రమ్‌ను ఫొటో తీసింది, అందులోనూ అది చుట్టూ తెల్లటి వలయంతో ఒక చుక్క. ఆ ఫొటో నెట్‌లో ఉంది, పాపకి చూపించండి.

కొండారెడ్డి_బురుజు:
థాంక్స్ అన్నా. ఒక్క డౌట్, చంద్రుడు నెత్తి మీదుంటే కెమెరా నిటారుగా పైకి లేపాలి, దీనికి తిప్పుకునే స్క్రీన్ కూడా లేదు. ఎలా చూడాలి?

గోదారి_గట్టు:
చాప పరుచుకుని ట్రైపాడ్ కాళ్లు పొట్టి చేసి కింద పడుకో బ్రో, మేమంతా అదే. ఆ ట్రైపాడ్ తల బరువుకి మెల్లగా జారుతుంది, స్క్రూ గట్టిగా బిగించు. చంద్రుడు కూడా కదులుతుంటాడు, రెండు నిమిషాలకు తన వెడల్పంత పక్కకు జరుగుతాడు, కాబట్టి మరీ ముందు నుంచి గురిపెట్టి కూర్చోవద్దు. సిమెంటు గచ్చు మీద కన్నా మట్టి నేల మీద పెట్టు, పగలంతా ఎండకు కాలిన గచ్చు రాత్రి వేడి వదులుతూ బొమ్మ వణికిస్తుంది.

ట్రైపాడ్_మామ:
శుక్రవారం మధ్యాహ్నం లైను మళ్లీ చూసుకో. మధ్యలో స్టేషన్‌ను ఇంజిన్లతో పైకి నెట్టారంటే టైమూ మారుతుంది, లైనూ జరుగుతుంది. ఇంకోటి, ఆ ట్రాన్సిట్ ఫైండర్ సైట్ లిస్టులోనే సూర్యుడి మీదుగా దాటేవి కూడా ఉంటాయి. లెన్స్ ముందు సోలార్ ఫిల్టర్ లేకుండా వాటి జోలికి పోకు, వ్యూఫైండర్‌లో అస్సలు చూడకు, కన్ను పోతుంది.