ఒపేరా మధ్యలో బ్యాలే ఉండాలా, కోసేయాలా?

పాటప్రియ:
వెర్డీ రాసిన ఒపేరా ‘డాన్ కార్లోస్’ ఫ్రెంచ్ రూపం పూర్తిగా చూశాను. మూడో అంకంలో కథ ఆగిపోయి పావుగంట బ్యాలే. 1867లో ‘పారిస్ ఒపేరా’ అనే థియేటర్లో బ్యాలే లేకపోతే కుదరదు కాబట్టి రాశాడు. 1884లో మిలాన్ కోసం నాలుగు అంకాలకు కుదించినప్పుడు తనే తీసేశాడు. రాసినాయనే వద్దనుకున్నది మనమెందుకు మోయాలి? కోసేయడమే నయం.

తెరవెనుక:
అన్నిటినీ ఒకే గాటన కట్టకండి. గ్లక్ ‘ఓర్ఫియో’ (వియన్నా, 1762)లో నృత్యాలు కూర్చింది గాస్పారో ఆంజియోలీనీ. చనిపోయిన భార్య కోసం వెళ్ళిన ఓర్ఫియోకు పాతాళం వాకిట్లో దారికి అడ్డంపడే ఫ్యూరీల (ప్రతీకార దేవతల) నృత్యం తీసేస్తే ఓర్ఫియో పాటకు ఎదురేముంది? బొరోడిన్ ‘ప్రిన్స్ ఇగోర్’లో పోలోవ్‌ట్సియన్ తెగవాళ్ళ నృత్యాల్లో చాలాచోట్ల కోరస్ కూడా పాడుతుంది. మన భామాకలాపంలో పాటనీ ఆటనీ విడదీయగలమా?

పాటప్రియ:
ఆ రెండూ ఒప్పుకుంటానండీ. మరి గూనో ‘ఫౌస్ట్’? 1859లో అందులో బ్యాలే లేదు. 1869లో పారిస్ ఒపేరాకు వెళ్ళేటప్పుడు చేర్చారు. 1975లో కొరియోగ్రాఫర్ బాలాంచిన్ పారిస్‌లో ఆ ఒపేరా కోసమే చేసిన వాల్‌పుర్గిస్ రాత్రి (మంత్రగత్తెల పండుగ రాత్రి) నృత్యాన్ని తర్వాత న్యూయార్క్ సిటీ బ్యాలే విడిగా ఆడింది. విడిగా నిలబడగలిగిందంటే ఒపేరాకు అతుకు వేసినట్టే కదా.

గజ్జెలసడి:
నేను యూరప్‌లో ఒక ఒపేరా హౌస్‌లో రెండు సీజన్లు డాన్స్ చేశాను. అతుకులా ఎందుకు కనబడుతుందో చెప్తాను. కొరియోగ్రాఫర్‌ని పిలిచేసరికే సెట్ తయారైపోయి ఉంటుంది. మెట్లు, ముందుకు వాలిన నేల, కోరస్ నిలబడగా మిగిలిన జాగా, అందులో మేం పన్నెండు మందిమి. పియానోతో నెలరోజులు సాధన చేసిన వేగం ఆర్కెస్ట్రా రాగానే మారిపోతుంది. గెంతినవాళ్ళు నేలకు దిగేలోపే తర్వాతి తాళం పడిపోతుంది. ఒకసారి మొదటి ప్రదర్శనకు నాలుగు రోజుల ముందు మా నృత్యాన్ని సగానికి కోశారు. మా కొరియోగ్రాఫర్ ఆ రాత్రంతా కూర్చుని, ఒక్కరినీ తీసేయకుండా మిగిలిన సగంలోనే అందరికీ చోటిచ్చింది. ఆమె పేరు సమీక్షల్లో ఎక్కడా రాలేదు. ఇప్పటికీ నాకు బాధే.

తెరవెనుక:
వాగ్నర్‌కూ ఇదే పోరు. ‘టాన్‌హాయిజర్’ 1861లో పారిస్‌కు వచ్చినప్పుడు బ్యాలే రెండో అంకంలో పెట్టమన్నారు. జాకీ క్లబ్ అనే పారిస్ సంపన్నుల క్లబ్బు పెద్దమనుషులు భోంచేసి తీరిగ్గా వచ్చేది అప్పటికే. ఆయన మాత్రం కథకు అవసరమైన చోట, మొదటి అంకంలో వీనస్ కొండ దగ్గరే పెట్టాడు. లూసియెన్ పెటిపా నృత్యం కూర్చాడు. క్లబ్బువాళ్ళు ఈలలు వేసి గోల చేస్తే మూడు ప్రదర్శనలతో ఆపేయాల్సి వచ్చింది.

పాటప్రియ:
గజ్జెలసడి గారూ, మీరు చెప్పాక నా మాట కొంచెం మార్చుకుంటాను. ‘డాన్ కార్లోస్’ విషయంలో మాత్రం మారను, వెర్డీ కోత సరైనదే. కానీ నృత్యం ఉంచాలనుకున్నప్పుడు సెట్ గీసే రోజునే కొరియోగ్రాఫర్‌ని కూర్చోబెట్టాలి. అలా మొదటినుంచీ పిలిచి చేసిన ప్రదర్శనలో మీరు ఎప్పుడైనా ఆడారా?

గజ్జెలసడి:
ఒక్కసారి. డైరెక్టరూ కొరియోగ్రాఫరూ ఒకరే. మెట్లు తీయించేసింది.